ఆయమ్మ చేతి నీళ్ళు

కాన్పుల ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్ళూ ఆయమ్మకి ఉన్న గొప్ప ఒక్కటే. పుట్టిన బిడ్డకి మొదటి స్నానం తన చేతుల మీదుగా జరగాలి. నర్సులు వచ్చారు, పోయారు. డాక్టరమ్మ జుట్టు నెరిసింది, గోడల రంగులు మారాయి. ఆయమ్మ మాత్రం వెనకగదిలో రేకుతొట్టి ముందు కూర్చుని, మోచేత్తో నీళ్ళ వేడి చూసుకుంటూ అలాగే ఉండిపోయింది. నెత్తురూ జిగురూ అంతా పోయేదాకా పిల్లల సబ్బుతో రుద్ది, మెత్తటి గుడ్డలో చుట్టి, తల్లి పక్కన పడుకోబెట్టి, "ఇదుగో నీ బంగారం, ఇప్పుడు చూసుకో" అనేది. కడగకముందు చూసుకుంటే అది చూసినట్టే కాదని ఆవిడ ఉద్దేశం. మురికంటే ఆవిడకి అంత పట్టింపు. గోడమీద బల్లి కనబడినా దాన్ని తోలడం మాని గోడ కడిగే రకం.

పక్కవీధిలో పెద్దాసుపత్రి వెలిసాక దీని గుమ్మం తొక్కేవాళ్ళు కరువయ్యారు. చివరికి మూసేశారు. వెనకవైపు ఆయమ్మ ఉండే గది కూడా ఖాళీ చెయ్యమన్నారు. మరి మొగుడూ? ఆ పెళ్ళి ఎప్పుడో అయింది, ఎప్పుడో చెడింది, ఊసెత్తితే ఆవిడే నవ్వి ఊరుకునేది. వెళ్ళేరోజు డాక్టరమ్మ స్టోరులో మిగిలిన పిల్లల సబ్బులు ఒక అట్టపెట్టె నిండా ఇచ్చి, నీకు తప్ప ఇంకెవరికి పనికొస్తాయి, తీసుకెళ్ళమంది. అభిమానంతోనే ఇచ్చింది. అవి ఏం చెయ్యబోతున్నాయో ఆవిడకి మాత్రం ఏం తెలుసు.

అప్పుడే తమ్ముడి ఫోను వచ్చింది. తమ్ముడికి ఊరి చివర కాస్త పొలం, మేకల కొట్టం ఉన్నాయి. మొగుడూ పెళ్ళాం చేతులారా పెంచిన మంద అది. కిందటేడు మరదలు జ్వరం తగిలి పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, కొట్టం పైరేకు సరిచెయ్యబోయి తమ్ముడు జారి పడ్డాడు. నడుం కింద కాళ్ళున్నాయో లేవో తెలియకుండా పోయింది. పిల్లల్లేరు. "రా అక్కా. నా కోసం కాదు, మేకల కోసం" అన్నాడు ఫోన్లో. తనకీ చోటు లేదని అక్క అనలేదు, నన్ను తిప్పి పడుకోబెట్టే దిక్కు లేదని తమ్ముడూ అనలేదు. అట్టపెట్టె చంకన పెట్టుకుని ఆయమ్మ బస్సెక్కింది.

అప్పటిదాకా ఆవిడకి మేకంటే దారికి అడ్డమొచ్చేదే తప్ప ఇంకేం తెలియదు. తమ్ముడి మంచం కిటికీ పక్కన వేసి ఉండేది. అక్కడి నుంచి వాకిలీ కొట్టం గుమ్మం మాత్రం కనబడేవి, లోపల ఏం జరిగేదీ కనబడదు. మంచంలోంచే కేకేసి పని నేర్పాడు. మేత ఎంత వెయ్యాలి, తడిగడ్డి ఎందుకు వెయ్యకూడదు, గిట్టలు ఎలా కత్తిరించాలి, పొదుగు ఎలా పట్టుకోవాలి. మొదటివారం మేకలు ఆవిడ చీరకొంగు నమిలాయి, నీళ్ళబక్కెట్టు దొర్లించాయి, ఒకటి వెనకనించి కుమ్మితే పెంటలో చతికిలబడింది. అయినా మొండి మనిషి, వదల్లేదు. కొట్టం రోజుకి రెండుసార్లు ఊడ్చి కడిగేది. తమ్ముడు నవ్వి, అవి మేకలక్కా, ఆపరేషనుకొచ్చిన పేషెంట్లు కావు అనేవాడు. పడ్డాక అతను నవ్వడం అదే మొదలు.

నల్లది ఒక్కటే లొంగలేదు. మరదలు పాలసీసాతో పెంచిన మేక అది, ఆవిడ కాళ్ళకి అడ్డంపడుతూ పెరిగింది. ఆయమ్మ పాలచెంబుతో దగ్గరికి వెళ్తే చెంబొక పక్కా మనిషొక పక్కా పడేవారు. తమ్ముడు చూసి చూసి, తలుపు వెనక మేకుకి వేలాడుతున్న మరదలి పాత కోటు చూపించాడు.

"అది తొడుక్కుని వెళ్ళు, ఊరుకుంటుంది. కోటు మాత్రం ఉతక్కు."

బురదా పాలమరకలూ పట్టి అట్టకట్టిపోయిన కోటు. ఆయమ్మ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మేకు నుంచి తీసింది. ముక్కు బిగబట్టి తొడుక్కుని వెళ్ళింది. నల్లది కోటు చేతిని మూతితో కాసేపు తడిమి, బుద్ధిగా నిలబడి పాలిచ్చింది. పాపం పిచ్చిముండ, రంగు చూసి పాత యజమానురాలే అనుకుంది అని ఆయమ్మ జాలిపడింది. ఉతకొద్దని పెళ్ళాం మీద ప్రేమకొద్దీ అన్నాడనుకుని, ఆ ఇంట్లో ఆ ఒక్క గుడ్డ జోలికి పోలేదు. తమ్ముడు ఎందుకో చెప్పలేదు. ఇన్నేళ్ళు మేకల మధ్య బతికినవాడికి అది కూడా ఒకరికి చెప్పాల్సిన సంగతని తోచలేదు. ఆ కోటు ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఇంట్లో ఉన్నట్టే అనుకుంటానక్కా అని మాత్రం ఒకసారి అన్నాడు.

పొద్దున్నే ముందు తమ్ముడికి ఒళ్ళు కడిగేది. వేడినీళ్ళు, మెత్తటి గుడ్డ, పిల్లల సబ్బు. ఇటు తిప్పి, అటు తిప్పి, వీపు పొడిగా తుడిచి పౌడరు వేసేది. మంచాన పడ్డవాళ్ళకి వీపు పుండ్లు పడతాయని ఆసుపత్రిలో చూసిన మనిషి కాబట్టి ఒక్క రోజు కూడా మానలేదు. తమ్ముడు మొదట్లో సిగ్గుపడి గోడకేసి చూసేవాడు, తర్వాత కళ్ళు మూసుకునేవాడు. ఆ గదీ, ఆ పక్కా, ఆయమ్మ చేతులూ అన్నీ ఆ సబ్బు వాసనే. అందుకే కొట్టంలోంచి వచ్చినప్పుడు ఆవిడ దగ్గర ఆ వాసన వేస్తే అతనికి అనుమానం రాలేదు.

చలికాలం మొదట్లో మేకలు ఈనడం మొదలైంది. ముందు బొల్లిది. మూతి తెల్లగా, ఒళ్ళంతా గోధుమరంగుగా ఉండే సాధువు మేక. కిటికీలోంచి తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. ముక్కులో జిగురు తియ్యి, బొడ్డు చూసుకో, లేచి నిలబడగానే ముర్రుపాలు పట్టించు. ఇలాంటివి ఆయమ్మకి ఒకరు చెప్పాలా? పుట్టే ప్రాణాన్ని పట్టుకోవడమే కదా ఇన్నేళ్ళూ చేసింది. మేకల దగ్గరికొచ్చాక మొదటిసారి ఆ చేతులకి తెలిసిన పని తగిలింది.

"తుడిచావా అక్కా?"

"శుభ్రంగా."

అతను అడిగింది ఒకటి, ఆవిడ చేసింది ఒకటి. పిల్లలు నేలమీద పడీ పడగానే, తల్లి వెనక్కి తిరిగేలోపే ఎత్తుకుపోయి, గోరువెచ్చటి నీళ్ళలో సబ్బుపెట్టి కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మల్లెపూల్లాంటి పిల్లల్ని తెచ్చి తల్లి ముందు పెట్టి, "ఇదుగో నీ బంగారం" అంది. బొల్లిది వాసన చూసింది. మళ్ళీ చూసింది. తల వంచి ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల గోడకి తగిలింది.

పొదుగు దగ్గరికి తోస్తే కాళ్ళతో తన్నింది. తన్నిందా, తర్వాత వెళ్ళి తాను ఈనిన చోట తడిగడ్డిని వాసన చూసుకుంటూ, కాలితో గీరుతూ ఒకటే అరుపు. రెండ్రోజులు గొంతు బొంగురుపోయేలా అరిచింది. నొప్పులింకా తగ్గలేదేమో అనుకున్నారు అక్కాతమ్ముళ్ళు. పిల్లలకి ఆయమ్మ సీసాపాలు పట్టింది. పడలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇద్దర్నీ కంచె పక్కన గొయ్యి తీసి పూడ్చింది. చారలది ఈనింది, అదే వరస. పశువుల డాక్టరు వచ్చి, కొట్టం గుమ్మంలోనే నిలబడి, రెండు సూదులు పొడిచి, చలికి పుట్టిన పిల్లలు ఇంతేనని, శుభ్రత ముఖ్యమని చెప్పి వెళ్ళాడు. మహానుభావుడు. శుభ్రత ముఖ్యమని ఆయమ్మకి చెప్పడం! ఆవిడ ఆ సాయంత్రమే ఇంకో సబ్బు కాయితం విప్పింది.

పిల్లని తన్నిన మేక కొట్టంలో ఉండకూడదన్నది మరదలు పెట్టిన నియమం. ఆ గుణం కడుపున పుట్టినవాటికీ వస్తుందని ఆవిడ నమ్మకం. నియమం ప్రకారం తమ్ముడు కసాయికి ఫోన్ చేశాడు. బొల్లిది వెళ్ళిపోయింది. చారలది వెళ్ళిపోయింది. ఆయమ్మ రెండుసార్లూ గేటు తీసి పట్టుకుంది. మనుషుల్లోనూ ఉంటారు ఇలాంటి తల్లులు అని లోపల్లోపల తిట్టుకుంది కూడా.

తర్వాత నల్లది ఈనింది, కవలలు. పాలు పితికే కోటులోనే పక్కన కూర్చుంది ఆయమ్మ. నల్లది ఆవిడ ఒళ్ళో తల పెట్టి నొప్పులు పడింది. పిల్లలు పడగానే మాత్రం, ఆ మురికి కోటుతో పసిదాన్ని ముట్టుకోకూడదని విప్పి పక్కన పడేసింది. వేడినీళ్ళు ముందే సిద్ధం. కడిగి తెచ్చి ముందు పెడితే, మరదలు సీసాతో పెంచిన ఆ నల్లది, పిల్లల్ని కుమ్మి అవతల పడేసింది. పిల్లల ఏడుపు కిటికీ దాకా వినబడింది.

"నల్లది కూడానా?" అని అడిగాడు తమ్ముడు. ఆ పూట అన్నం ముట్టలేదతను. సాయంత్రం తనే కసాయికి ఫోన్ చేశాడు. ఎల్లుండి పొద్దున వస్తానన్నాడు కసాయి. అది మరదలి మేకరా, దాన్నొక్కదాన్నీ ఉంచరా అని ఆయమ్మ బతిమాలింది.

"నియమం కూడా ఆవిడదే అక్కా. నా పెళ్ళాం మేకని ఉంచుకుని మిగతావాటిని నరికిస్తానా? ఆవిడే పోయింది. ఆవిడతోనే ఈ కొట్టంలో తల్లి గుణం పోయింది." అని గోడవైపు తల తిప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని ఆయమ్మకి తెలిసింది. నడుం కదలనివాడు ఏడిస్తే భుజాలు మాత్రమే కదులుతాయి.

మర్నాడు మిగిలిన మేకల్ని మిట్టమీదికి తోలుకెళ్ళింది. వాటిలో తొలిచూలుది ఒకటి, ఇంకా రోజులున్నాయనుకున్నది, తుప్పపక్కన పడుకుని మూలగడం మొదలెట్టింది. నీళ్ళు లేవు, గుడ్డ లేదు, సబ్బు లేదు. ఇంటికి పరిగెత్తి తెద్దామంటే మందని వదలలేదు. అలా చేతులు పిసుక్కుంటూ ఉండగానే పిల్ల కింద పడింది. నెత్తురూ జిగురూ కారుతూ, అడ్డదిడ్డంగా ముడుచుకుని. ఎవరూ ఏమీ నేర్పని ఆ కుర్రమేక వెనక్కి తిరిగింది. వాసన చూసింది. గొంతులో సన్నగా గొణుగుతూ నాకడం మొదలెట్టింది. మూతి, చెవులు, కడుపు, ఆఖరికి గిట్టలు. పిల్ల లేచి పడింది, లేచి పడింది, లేచి పొదుగందుకుంది. తల్లి దాని తోక కింద వాసన చూసుకుని, ఇది నాదే అన్నట్టు కదలకుండా నిలబడింది.

ఆయమ్మ చూస్తూ పక్కనే నేలమీద కూర్చుంది. పొద్దున నల్లదాన్ని పితికాక విప్పడం మర్చిపోయిన కోటు కంపు ముక్కుకి తగిలింది. నల్లది ఏం చూసి ఊరుకుందో అప్పుడు తెలిసింది, తమ్ముడు ఉతకొద్దని ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుంది. పొద్దున తమ్ముడికి కడిగిన సబ్బు వాసన ఇంకా పోలేదు. ఆ చేతుల్ని నేలకేసి రాసింది, మట్టిలో రుద్దింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? బొల్లిది పోయింది, చారలది పోయింది. కంచె పక్కన గోతులు ఆవిడ తవ్వినవే.

ఇంటికొచ్చేసరికి నల్లదాని పిల్లల్లో ఒకటి చచ్చిపడి ఉంది. రెండోది ఉంది. చెప్పేద్దామనే తమ్ముడి గదిలోకి వెళ్ళింది. రేపు కసాయి రాకముందే చెప్పాలి, చెబితే నల్లది బతుకుతుంది. చెబితే తన బతుకేమవుతుంది? మందలో సగానికి కడుపుకోత తన వల్లేనని తెలిశాక ఏ తమ్ముడు మాత్రం ఇంట్లో ఉంచుకుంటాడు? గది ఖాళీ చెయ్యమన్న మాట ఒకసారి విన్నది చాలదా? తడబడుతూ నోరు తెరవబోయింది. ఈలోపే అతను, కొత్త పిల్ల బాగుందా, తల్లి దగ్గరికి తీసుకుందా అని అడిగాడు. తీసుకుందని తెలిసి కళ్ళు తుడుచుకున్నాడు.

"నువ్వు రాకపోతే ఇవీ మిగిలేవి కాదక్కా. నీ చేతి చలవ."

ఆయమ్మ తేలు కుట్టిన దొంగలా వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుంది.

పొద్దున కసాయి వ్యాను వచ్చింది. చెడ్డవాడేం కాదు, నోరు మంచిది, తన పని తనది. నల్లదానికి తాడు కట్టి లాగాడు. అది నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపట్టి ఒక్కడుగు వెయ్యలేదు. లాగి లాగి ఆయాసపడి, నువ్వు ముందు నడువమ్మా, నీ వెనక వస్తుందిలా ఉంది అన్నాడు. పాలు పితకడానికి తొడుక్కున్న కోటు ఆయమ్మ ఒంటిమీదే ఉంది. నడిచింది. తాడు వదిలేసినా నల్లది వెంటే వచ్చింది. వాకిలి దాటింది, గేటు దాటింది, కోటు జేబులో మూతి దూర్చుకుని వ్యాను ఎక్కే పలక దాకా వచ్చింది. ఆయమ్మ పలక మీద ఒక కాలు పెట్టింది. నల్లదీ పెట్టింది.

"ఇది రాదు. దీని తప్పేం లేదు." అంది ఆయమ్మ.

కసాయికి అర్థం కాలేదు. కిటికీలోంచి తమ్ముడు, ఎక్కించెయ్యక్కా, చూడలేకపోతున్నాను అని అరిచాడు. ఆయమ్మ కిటికీ వైపు తిరిగి, గొంతు తగ్గించకుండానే చెప్పింది.

"పిల్లల్ని నేను కడిగానురా. పుట్టగానే. వేడినీళ్ళు పెట్టి, సబ్బుతో."

కసాయికి ముందు నవ్వాగలేదు. మేకపిల్లకి స్నానమా అని, పౌడరు కూడా వేశావా అని, తొడ చరుచుకుని నవ్వాడు. కిటికీ వైపు చూశాక నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"దేన్ని?" అన్నాడు తమ్ముడు.

"అన్నిటినీ."

తమ్ముడు కసాయితో, తాడు విప్పేసి వెళ్ళమన్నాడు. నల్లది కోటు వెనకే కొట్టంలోకి వచ్చేసింది.

తిట్టలేదతను. తిట్టినా బాగుండేది, నాలుగు తిట్టి పొమ్మన్నా బాగుండేది. మర్నాడు పొద్దున ఆయమ్మ వేడినీళ్ళ గిన్నె, గుడ్డ, సబ్బు పట్టుకుని వెళ్తే, రెండు చేతులా దుప్పటి అంచు గట్టిగా పట్టుకుని "వద్దు" అన్నాడు. అంతే. అన్నం పెడితే తిన్నాడు, మేకల సంగతి అడిగితే ముక్తసరిగా చెప్పాడు. ఆవిడ చెయ్యి మాత్రం ఒంటిమీద పడనివ్వలేదు. తర్వాతిరోజూ అంతే, ఆ తర్వాతా అంతే. పక్క వాసనొచ్చింది. ఈగలు ముసిరాయి. తిప్పకపోతే వీపు పాడవుతుందిరా అని ఆయమ్మ గుమ్మంలో నిలబడి ఏడ్చింది. బలవంతంగా కడగలేక కాదు, అంతకన్నా బరువైనవాళ్ళని ఎత్తిన చేతులే. ఒకరు అడక్కుండా చేయించిన స్నానాలు ఇక చాలనిపించింది ఆవిడకి.

మిగిలిన మేకలు ఒక్కొక్కటే ఈనాయి. ఆయమ్మ చేతులు వెనక కట్టుకుని దూరంగా నిలబడింది. తల్లులే నాకాయి, తల్లులే పాలిచ్చాయి, పిల్లలు కొట్టమంతా గెంతాయి. చూసి సంతోషించేవాళ్ళు లేరు. నల్లది మాత్రం మిగిలిన ఆ ఒక్క పిల్లని రానివ్వలేదు. రెండు పూటలా దాని కాలు పట్టుకుని ఆయమ్మ పిల్లకి పాలు పట్టించేది. ఒక సాయంత్రం ఆ తన్నులాట గుమ్మం దాకా వచ్చింది. అది చూసి కిటికీలోంచి తమ్ముడు, కోటు విప్పి ఆ పిల్లకి చుట్టు అన్నాడు. వ్యాను వెళ్ళాక అతనంతట అతను మాట్లాడిన మొదటిమాట అది. ఆయమ్మ చుట్టింది. నల్లది చాలాసేపు వాసన చూసింది. నాకలేదు, గొణగలేదు. తన్నడం మాత్రం మానేసి నిలబడింది. పిల్ల తాగింది.

మర్నాడు ఆయమ్మ అన్నం తెస్తే, "నీళ్ళు పెట్టు" అన్నాడు.

గబగబా గిన్నె తెచ్చింది. చెయ్యి అలవాటుగా సబ్బు కోసం పోయింది.

"సబ్బొద్దు."

వట్టినీళ్ళతో కడిగింది. ముఖం, మెడ, చేతులు. వీపు కింద చెయ్యి పెట్టి తిప్పితే అక్కడ అరచేతి మేర తోలు ఊడి, లోపల ఎర్రగా ఉంది. అతనికి నొప్పి తెలియదు. ఆవిడకి తెలిసింది. గుడ్డ తడిపి అంచుల చుట్టూ అద్దుతోంది. తమ్ముడు గోడవైపు తిరిగే ఉన్నాడు.

"బొల్లిది రెండ్రోజులు అరిచింది. గుర్తుందా?"

"ఉంది."

"నొప్పులనుకున్నాం."

"ఊఁ."

"పిల్లల కోసం అరిచిందక్కా. పిల్లలు ఎదురుగానే ఉన్నారు. పిల్లలేరీ అని అరిచింది."

ఆయమ్మ గుడ్డ గిన్నెలో ముంచి పిండింది. నీళ్ళు చల్లారిపోయాయని వెళ్ళి వేరే నీళ్ళు తెచ్చి, అతన్ని రెండోపక్కకి తిప్పి, ఆ పక్క కూడా కడిగింది.